రోడ్డుకి ఇటు ఆరు, అటు ఏడు

అమెరికా వెళ్ళొచ్చినవాళ్ళని అందరూ జలపాతాల గురించి అడుగుతారు. నన్నడిగితే గడియారాల గురించి చెప్తాను, అదీ తిట్టుకుంటూ చెప్తాను. ముప్పై రెండేళ్ళు బాపట్లలో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి రేఖాంశాల పాఠం చెప్పినదాన్ని. భూమి పదిహేను డిగ్రీలు తిరిగితే ఒక గంట. ఇంత చిన్న లెక్క రాలేదని పిల్లల్ని బెంచీ ఎక్కించాను కూడా. ఆ పిల్లల ఉసురే తగిలిందేమో, 2012 సెప్టెంబరులో అరిజోనా వెళ్ళి, ఒకే రాష్ట్రంలో నా చేతి గడియారాన్ని ఒకసారి ముందుకీ ఒకసారి వెనక్కీ తిప్పి, మూడోసారి తిప్పాల్సినప్పుడు తిప్పక, మా తమ్ముణ్ణి రోడ్డు మీద చీకట్లో నిలబెట్టాను.

చీకటి అందరికీ ఒక్కలాంటిది కాదు. మా మురళికి రేచీకటి. అందుకే ఈ యాత్ర సంగతి నవ్వుతూ చెప్పలేకపోతున్నాను.

ఫార్మింగ్టన్ హిల్స్: బయల్దేరకముందు

మురళి నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న. ఇరవై రెండేళ్ళుగా మిషిగన్‌లో ఈ ఊళ్ళోనే ఉంటున్నాడు. కార్లకి సీట్లు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. మా నాన్నకీ ఆ కళ్ళే. ఆయన ఇంట్లో దీపాలు పెట్టేలోపు సైకిలు మీద తిరిగొచ్చేసేవారు, దాన్నెవరూ జబ్బనుకోలేదు. ఇక్కడి కంటి డాక్టరమ్మ మాత్రం పోయిన చలికాలంలో ఖండితంగా చెప్పేసిందట. పగలు నడుపుకోవచ్చు, మసక వెలుతురులో మాత్రం స్టీరింగ్ ముట్టుకోవద్దని. అప్పటికే వీడు ఒకరోజు ఆఫీసుకి వెళ్తూ పక్కింటివాళ్ళ మెయిల్‌బాక్స్ పడగొట్టి ఉన్నాడు.

ఆఫీసుకి వెళ్ళేటప్పుడు చీకటేమిటి అంటారా? నా ఏడుపూ అదే. ఈ ఊరు ఉండాల్సిన రేఖాంశానికి ఎనిమిది డిగ్రీలు పడమర. అంటే ఇక్కడ సూర్యుడు గడియారం కంటే అరగంట వెనక. అది చాలదన్నట్టు మార్చిలో గడియారాన్ని గంట ముందుకి తిప్పి నవంబరు దాకా అలాగే ఉంచుతారు. వెరసి గంటన్నర తేడా. అక్టోబరు చివర్లో పొద్దున్న ఎనిమిదైతే గాని తెల్లారదు. వీడి ఆఫీసు ఏడింటికి. నేను వెళ్ళిన కొత్తలో ఆరింటికి లేచి, ఇంకా తెల్లవారుజామే కాబోలు అనుకుని మళ్ళీ పడుకున్న రోజులున్నాయి. బాపట్లలో అయితే ఆ వేళకి పాలు కాగి, కాఫీలు అయిపోయి, పేపరు చదివేసి ఉంటాం.

అలాగని ఇంట్లో అందరికీ అదే గొడవనుకోకండి. మా మరదలు ఉష ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తుంది. పదిహేనేళ్ళుగా పొద్దున్న ఆరింటికల్లా ఆ చీకట్లోనే, ఆ మంచులోనే కారు వేసుకుని వెళ్ళిపోతుంది. మూడింటికి ఇంటికొస్తుంది. జూన్‌లో తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది కాబట్టి పెరట్లో గోంగూర, సొరపాదు, వంగమొక్కలు, అదీ ఆవిడ లోకం. "సాయంత్రాలు చిన్నవి చేస్తే ఇంక ఇక్కడ ఎందుకు వదినా, బతుకంతా ల్యాబ్‌లోనే అయిపోతుంది" అంటుంది. తమ్ముడికేమో పొద్దుటి వెలుగు కావాలి, మరదలికేమో సాయంత్రపు వెలుగు కావాలి. ఉన్న సూర్యుడు ఒక్కడు.

ఇంతలో మురళి కంపెనీ వాళ్ళకి ఫీనిక్స్‌లో ఒక బ్రాంచి, అందులో ఒక ఖాళీ. అరిజోనాలో గడియారాలు తిప్పరు. ఆఫీసు ఎనిమిదికి. వీడు పట్టిక వేసుకున్నాడు. డిసెంబరులో కూడా తెల్లారాకే బయల్దేరి, పొద్దుండగానే ఇంటికి రావచ్చట. సోమవారానికల్లా మేనేజరుకి ఏ సంగతీ చెప్పాలి. ఉష రానంటుంది. పదిరోజుల రభస తర్వాత వీడో పందెం పెట్టాడు.

"ఐదు రోజులు అక్కడ తిరుగుదాం. సన్‌రైజ్ నించి సన్‌సెట్ దాకా నేనే డ్రైవ్ చేస్తాను. సన్‌సెట్‌కి అరగంట ముందే కార్ ఆపేస్తాను. ఏ ఇబ్బందీ లేకపోతే మూవ్ అవుదాం. ఒక్కసారి ఇబ్బందైనా సరే, కీస్ నీకిచ్చేస్తాను, మళ్ళీ ఆ మాటెత్తను."

ఉష క్యాలెండరు తీసి సెలవు రోజులు చూసుకుంది. మురళి నావైపు తిరిగాడు. "అక్కా, టైం నువ్వు చూడు. నువ్వైతే తప్పు చెయ్యవు."

జాగ్రఫీ టీచర్ని కదా, పొంగిపోయాను. ఏ ఊళ్ళో ఎన్నింటికి పొద్దు గుంకుతుందో ఇంటర్నెట్‌లో చూసి, ఎర్రగీతలు కొట్టి, చిన్న నోటుపుస్తకంలో రాసుకున్నాను.

ఫీనిక్స్: ఎండని తిట్టుకునే ఊరు

సాయంత్రం ఐదింటికి నలభై డిగ్రీల ఎండ. మనకి కొత్త కాదు గాని, మన ఎండలో మనుషులు కనబడతారు. ఇక్కడ వీధిలో పురుగు లేదు. ఎయిర్‌పోర్టు నించి హోటలు దాకా కార్లో ఏసీ చలికి వణుకుతూ వెళ్ళాం.

రాత్రి భోజనానికి విద్యార్థులు వెళ్ళే ఒక ఇడ్లీ హోటలుకి వెళ్ళాం. నాలుగు ఇడ్లీలు, గిన్నెడు సాంబారు ఏడు డాలర్లు. వద్దనుకుంటూనే యాభై ఐదుతో గుణించాను, గుణించాక చట్నీ రుచి పోయింది. చోటు లేక మా బల్ల దగ్గరే కూర్చున్నాడు ఒక కరీంనగర్ కుర్రాడు. ఎమ్మెస్ రెండో సెమిస్టరట. ఈ ప్రయాణంలో నేను అందరినీ అడగాలనుకున్న ప్రశ్న వాణ్ణే మొదట అడిగాను. నాయనా, ఒక గంట వెలుగు ఇస్తానంటే పొద్దున తీసుకుంటావా, సాయంత్రం తీసుకుంటావా?

"నాకు ఏదీ వద్దాంటీ, మీరే ఉంచుకోండి" అన్నాడు. "ఈడ జూన్‌ల పొద్దుగూకినంక గూడ ఒళ్ళు కాలుతనే ఉంటది. సూర్యుడు ఎంత జల్ది పోతే అంత మంచిది. ఇంకో మంచి సంగతి చెప్పాల్నా? మా అమ్మకి ఫోన్ చెయ్యాల్నంటే ఏడాది పొడుగునా పన్నెండున్నర గంటలే తేడా. మిషిగన్‌ల మా దోస్తు గాడు ఏడాదికి రెండుసార్లు వాళ్ళమ్మని నిద్రల్నుంచి లేపుతడు."

మురళి మొహం వెలిగిపోయింది. "విన్నావా ఉషా?" అన్నాడు. ఉష సాంబారులో ఇడ్లీ నానబెట్టుకుంటూ "ఈ ఊళ్ళో గోంగూర మొలుస్తుందా బాబూ?" అని అడిగింది. ఆ అబ్బాయి పాపం, గోంగూర ప్యాకెట్టులో తప్ప చూడలేదన్నాడు.

మర్నాడు ఐదున్నరకే తమ్ముడు బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, సూర్యుడు సమయానికి వస్తాడో లేదో చూడటానికి. కింద జనం కుక్కల్ని తిప్పుతున్నారు. ఎనభై ఏళ్ళ దొరసాని ఒకావిడ నన్ను చూసి చెయ్యూపింది. పొద్దున్న ఐదు నించి ఏడు దాకానే మాకు బతుకు, తర్వాత అందరం ఫ్రిజ్‌లోకి వెళ్ళిపోతాం అంది. ఆవిడకి పొద్దుటి గంట కావాలన్నమాట. నోటుపుస్తకంలో రాసుకున్నాను.

ట్యూబా సిటీ: ఎవరి ఏడు?

దారిలో ఆ పెద్ద లోయ చూశాం. దాని గురించి అందరూ రాశారు, నేను రాయను. మురళి చక్కగా నడిపాడు. అది చెప్పాలి. మొదటి రోజు వాడి చేతుల్లో తడబాటన్నది లేదు, పాటలు కూడా పాడాడు.

లోయ దాటాక నవాహో అనే అమెరికా ఆదివాసుల ప్రాంతం మొదలవుతుంది. అరిజోనా గడియారాలు తిప్పదని చెప్పాను కదా, నవాహో వాళ్ళు తిప్పుతారు. వాళ్ళ నేల మూడు రాష్ట్రాల్లో పరుచుకుని ఉంది, మిగతా రెండూ తిప్పుతాయి కనక వీళ్ళూ తిప్పుతారు. సరే, అర్థముంది. గంట ముందుకి తిప్పుకున్నాను. కానీ గారె మధ్యలో చిల్లులా ఆ నవాహో నేల మధ్యలో హోపీ అనే ఇంకో తెగవాళ్ళ ఊళ్ళున్నాయి. వాళ్ళు తిప్పరు! పిల్లలకి ఇలాంటి పటం ఇచ్చి పరీక్ష పెడితే హెడ్‌మిస్ట్రెస్ నా ఉద్యోగం పీకేసేది.

ట్యూబా సిటీ అని పేరేగాని మన చీరాలలో సగం కూడా ఉండదు. మా మోటెలు రోడ్డుకి ఇవతల, నవాహో టైము. రోడ్డు దాటితే హోపీ వాళ్ళ ఊరు, అక్కడ గంట తక్కువ. ఇవతల ఆరైతే అవతల ఐదు. కిరాణా కొట్టుకని రోడ్డు దాటి వెళ్ళి వచ్చేసరికి మురళి ఫోను అవతలి టవరు పట్టుకుని కూర్చుంది. తెల్లారి నా గడియారం మంచం పక్కనే వదిలేసి, ఆ ఫోను చూసుకుని ఏడింబావుకి టిఫినుకి దిగాం. అక్కడ బల్లలు తుడిచేస్తున్నారు.

"టిఫిన్ ఎనిమిది దాకా అన్నారు కదా?" అన్నాను.

"ఇప్పుడు ఎనిమిదింబావు" అందా అమ్మాయి.

"ఏడింబావు!"

"అది అక్కడ" అని చేత్తో రోడ్డు అవతలికి చూపించింది. రోజూ ఇలాంటివాళ్ళని చూస్తుంది కాబోలు, జాలిపడి రెండు అరటిపళ్ళు చేతిలో పెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నిద్ర లేచి కళ్ళు నులుముకుంటూ రోడ్డు దాటిన మనిషికి గంట వయసు తగ్గుతుందా, ఇదేం చోద్యం!

ఆ రోజు శుక్రవారం సంత. అరటిపండు తిన్న కడుపుతో అక్కడికి పోయాం. పెద్ద పూరీలాంటి రొట్టె, నూనెలో పొంగించి పైన చిక్కుళ్ళూ, మాంసమూ వేసి ఇస్తున్నారు. శాకాహారినంటే అమ్మే ఆవిడ నాకు తేనె పోసి ఇచ్చింది. నాలుగు డాలర్లు. ఆ రొట్టెలు వేయించే ఆవిడ ఇల్లు ఇవతల, మామూలు రోజుల్లో ఉద్యోగం అవతల, హోపీ వాళ్ళ బళ్ళో వంట. పొద్దున్న ఎనిమిదిన్నరకి బయల్దేరితే ఏడూ ముప్పై ఐదుకి పనిలో ఉంటుందట! సాయంత్రం మాత్రం ఆ గంట ఇచ్చెయ్యాలి. "నేను రోజూ గంట సంపాదించి గంట పోగొట్టుకుంటాను" అని పకపకా నవ్వింది.

నీకు వెలుగు ఎప్పుడు కావాలి అంటే, నా మనవరాలు బడి బస్సు ఎక్కేటప్పుడు అంది. చలికాలంలో అది ఎక్కే వేళకి చీకటిగా ఉంటుంది, దాని చేతిలో టార్చిలైటు పెట్టి పంపుతాను అంది. మురళి తల దించుకుని రొట్టె తింటున్నాడు.

మీసా మీద: పూతరేకుల ఊరు

అక్కడి నించి తూర్పుగా గంటన్నర వెళ్తే హోపీ వాళ్ళ ఊళ్ళు. బల్లపరుపు కొండల మీద రాతి ఇళ్ళు. ఆ కొండల్ని మీసాలంటారు. నేను బుద్ధిగా గడియారం గంట వెనక్కి తిప్పుకున్నాను. ఫోటోలు తియ్యకూడదని ఊరి మొదట్లోనే బోర్డు ఉంది. హాయిగా ఉంది ఆ బోర్డు. అమెరికాలో మొదటిసారి మా వాళ్ళు నన్ను నిలబడు, నవ్వు, జరుగు అనకుండా ఒక ఊరు చూడనిచ్చారు.

ఒక ఇంటి ముందు నీలంరంగు చుట్టలు అమ్ముతున్నారు. అట్టముక్కలనుకున్నాను. కొని కొరికితే నాలుక మీద కరిగిపోయింది. నా ప్రాణం లేచొచ్చింది. పూతరేకు! బెల్లం, నెయ్యి లేని పూతరేకు. నీలం మొక్కజొన్న పిండి, కాలిన రాతి పలక మీద వట్టి చేత్తో పూస్తారు. ఆత్రేయపురంలో కుండ మీద గుడ్డతో పూస్తారే, అదే పని. ఇంటావిడ అరవై దాటిన మనిషి, నా ఉత్సాహం చూసి వెనకగదిలోకి తీసుకెళ్ళి చూపించింది. ఆవిడ చేతివేళ్ళు ఆ సెగకి ఎప్పుడో మొద్దుబారిపోయాయట. నేనొకటి పూయబోయి అబ్బా అని అరిచాను, చూపుడువేలు బొబ్బెక్కింది. ఇద్దరం తెగ నవ్వుకున్నాం. ఆవిడ ఉడికించిన మొక్కజొన్నా, వేటమాంసమూ కలిపిన కూర పెట్టబోతే ఉష నా సంగతి చెప్పి ఆపింది.

ఆవిడనీ అడిగాను, పొద్దుటి గంటా, సాయంత్రపు గంటా అని. "మా పెద్దవాళ్ళు సూర్యుడు కొండమీద ఎక్కడ లేస్తున్నాడో చూసి విత్తనం వేస్తారు. ఎన్నింటికి లేచాడో ఎవరికి కావాలి?" అంది. మళ్ళీ వెంటనే, "మా ఆయనకి కావాలి. టీవీలో ఫుట్‌బాల్ ఫీనిక్స్ టైముకి వస్తుంది" అంది.

అలా కబుర్లలో పడి ఆలస్యం చేసింది నేనే. గడియారం చూస్తే పావుతక్కువ ఐదు. రాత్రికి మా బస చిన్లీలో, రెండు గంటల దారి. నోటుపుస్తకం తీసి చూశాను. చిన్లీ, సూర్యాస్తమయం ఏడూ ఇరవై ఏడు. "బోలెడు టైముందిరా, పావుతక్కువ ఏడుకి అక్కడుంటాం" అన్నాను. కార్లో ఉన్న గడియారమూ అదే చెప్పింది. చెప్పదూ మరి, అది ఫీనిక్స్ కారు!

చిన్లీ దారి

చిన్లీ నవాహో వాళ్ళ ఊరు. నా పుస్తకంలో రాసుకున్నది నవాహో టైము. నా చేతికున్నది హోపీ టైము. హోపీ వాళ్ళ ఊళ్ళు దాటగానే గడియారం మళ్ళీ గంట ముందుకి తిప్పుకోవాలి. ఎక్కడ దాటామో చెప్పే బోర్డేదీ నాకు కనబడలేదు. కనబడినా చూసేదాన్ని కాదేమో, పూతరేకుల మీదే ఉంది నా ధ్యాస. ఏ మూర్ఖుడైనా తలెత్తి సూర్యుణ్ణి చూస్తే తెలిసిపోయేది. కానీ మేం తూర్పుగా వెళ్తున్నాం, సూర్యుడు మా వీపు వెనక. పైగా దక్షిణం నించి నల్లగా మబ్బు కమ్ముకొచ్చింది. వెలుతురు తగ్గుతుంటే వానే అనుకున్నాం. ఉష వెనకసీట్లో నిద్రపోతోంది.

చినుకులు పడ్డాయి. మురళి పాట ఆపేశాడు. కారు నెమ్మదించింది. ముందుకి వంగి కూర్చున్నాడు. వెనక ఒక ట్రక్కువాడు హారన్ కొట్టాడు.

"ఎంతైందక్కా?"

"ఆరూ ఇరవై. ఇంకా గంటకి పైనే ఉంది."

"మబ్బు బాగా పట్టేసింది" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. కానీ కారు మధ్యగీత మీదికి జరుగుతోంది. ఎదురుగా రెండు లైట్లు. వాడు ఆ లైట్లకేసి చూస్తున్నాడు గాని గీత చూడటంలేదు.

"ఒరేయ్ మురళీ, ఇటు! ఇటు!" అని అరిచాను. స్టీరింగ్ గిర్రున తిప్పాడు. చక్రాలు కంకరలోకి దిగి బరబరమన్నాయి. ఆగాం. ఎదురుబండి మా పక్కనించి పెద్దగా మోగించుకుంటూ పోయింది.

ఉష లేచింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కాసేపటికి మురళి అన్నాడు, "పది నిమిషాలాగుదాం. మబ్బు పోతుంది."

ఉష తన ఫోను చూసింది. అప్పుడే సిగ్నల్ వచ్చిందేమో. "మబ్బు కాదండీ" అంది మెల్లిగా. "ఏడూ ఇరవై ఐదు. పొద్దు పోయింది."

గడియారం చూసుకున్నాను. ఆరూ ఇరవై ఐదు. తప్పెక్కడ జరిగిందో ఆ క్షణంలోనే తెలిసింది. ముప్పై రెండేళ్ళ చదువు, చెప్పుతో కొట్టాలి! "నేనే తిప్పడం మర్చిపోయానురా" అన్నాను. ఏడుపొచ్చేసింది.

ఉష దిగి, ఆ వానలో ముందు నించి తిరిగొచ్చి, మురళి తలుపు తెరిచి నిలబడింది. "జరగండి."

"రెంటల్ కార్. పేపర్స్‌లో నా పేరే ఉంది."

"నా పేరు కూడా ఉంది. ఫీనిక్స్‌లోనే రాయించాను."

"నాతో చెప్పలేదే?"

"చెప్తే నా పేరు కొట్టేయించేవారు."

వాడు స్టీరింగ్ వదల్లేదు. ఆవిడ చీర కొంగు తడిసి ముద్దవుతోంది, కదల్లేదు. చివరికి వాడే సీటు మారాడు. ఉష అద్దాలు సర్దుకుని, సీటు ముందుకి జరుపుకుని, అరగంటలో చిన్లీ చేర్చింది. నేను ఆ అరగంటా ఉషనే చూస్తూ కూర్చున్నాను. ఇరవై ఏళ్ళుగా వాళ్ళతో ఎన్ని ఊళ్ళు తిరిగానో, మగమనిషి కార్లో ఉండగా ఉష నడపడం నేను చూడలేదు. ఎవరూ వద్దనలేదు. అలా జరుగుతూ వచ్చింది, అంతే.

చిన్లీ: లోయ అంచున

తెల్లారి ఆ ఊరి పక్కనే ఉన్న ఇంకో లోయ అంచుకి వెళ్ళాం. ఎర్రటి రాతి గోడలు, అడుగున పచ్చటి చేలు, గొర్రెలు. సూర్యుడు ఏడింటికి లేచాడు. ఎవరి ఏడు అని మాత్రం నన్నడక్కండి.

మురళి రాత్రంతా ఆలోచించుకున్నట్టున్నాడు. "నిన్నటిది లెక్కలోకి రాదు" అన్నాడు. "టైం తప్పు. అక్క మిస్టేక్. కరెక్ట్ టైం తెలిస్తే అరగంట ముందే ఆపేసేవాణ్ణి. నా కళ్ళ ప్రాబ్లం కాదు."

నేను వెంటనే ఎత్తుకున్నాను, "అవును ఉషా, తప్పంతా నాది, వాడిది కాదు." నిజంగా అలాగే అనిపించింది. చిన్నప్పటి నించీ వీడికి దెబ్బ తగిలితే నేల తప్పు అన్నదాన్ని.

ఉష లోయలోకి చూస్తూ చెప్పింది. "వదినా, గడియారం మీరే తప్పు పెట్టారు. ఒప్పుకుంటాను. కానీ నిన్న కళ్ళముందు చీకటి పడుతుంటే ఆయనకి తెలియలేదు. మబ్బు అన్నారు. ఫీనిక్స్‌లో మబ్బు పట్టదా? ఆఫీసులో గంట లేటవదా?"

"అయితే ఏం చెయ్యమంటావు?" మురళి గొంతు పెరిగింది. "మిషిగన్‌లో నాలుగు నెలలు పొద్దున్నా చీకటే, సాయంత్రమూ చీకటే. ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చోమంటావా?"

"నేను ఏ చీకట్లో వెళ్తున్నానండీ పదిహేనేళ్ళుగా?"

మురళి బూటుతో ఒక గులకరాయిని అంచు దాకా తోశాడు.

"మీకు కళ్ళు ఇలా ఉన్నాయని తెలిసినప్పటి నించీ మీరు ఆఫీసు టైం మార్చమని అడిగారు. కలీగ్‌ని లిఫ్ట్ అడిగారు. రెండువేల మైళ్ళవతల సూర్యుడు ఎప్పుడు లేస్తాడో కనుక్కున్నారు. నన్ను అడగలేదు. ఒక్కసారి, ఉషా, నన్ను దింపు అని నన్ను అడగలేదు."

నాకు చాలా సిగ్గేసింది. నేనూ ఆ ప్రశ్న అడగలేదు. దారిపొడుగునా ఊరూపేరూ తెలియనివాళ్ళందరినీ ఏ గంట కావాలని అడిగి పుస్తకంలో రాసుకున్నాను, పొద్దున్న చీకట్లో వెళ్ళే మనిషి నా పక్కనే ఉంటే ఆవిడ దారీ తమ్ముడి దారీ ఒకటేనా అని అడగాలని తోచలేదు.

మురళి రాళ్ళ అంచున కాసేపు అటూ ఇటూ తిరిగాడు. తర్వాత కారు తాళం జేబులోంచి తీసి, మళ్ళీ లోపల పెట్టుకుని, "ఎండ ఎక్కుతోంది, వెళ్దాం" అన్నాడు. ఫీనిక్స్ దాకా వాడే నడిపాడు. ఎండలో బాగానే నడిపాడు, వంక పెట్టడానికి లేదు. అదే నన్ను ఇంకా బాధపెట్టింది. దారిలో ఎక్కడో గడియారం మళ్ళీ గంట తిప్పుకోవాలి. నేను తిప్పలేదు. విప్పి సంచీలో పడేశాను.

మళ్ళీ ఫార్మింగ్టన్ హిల్స్

ఆదివారం విమానంలో ముగ్గురం మూడు పేపర్లు చదివాం. ఫీనిక్స్ మాట ఎవరూ ఎత్తలేదు. దిగేసరికి మూడు గంటలు పోయాయి. అవెక్కడికి పోయాయని అడిగి ప్రయోజనం లేదని ఎవరినీ అడగలేదు.

సోమవారం పొద్దున్న వంటింట్లో చప్పుడుకి మెలకువొచ్చింది. ఐదూ నలభై. ఉష బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. మురళి కూడా బూట్లు వేసుకుని నిలబడ్డాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. నిన్ననే ప్రయాణం చేసొచ్చిన మనుషులు, ఒక్కపూట పడుకోరు కదా!

"ఇంత చీకట్లో నువ్వెక్కడికిరా?"

"ఆఫీస్‌కి. ఉష దింపుతానంది."

"నీ ఆఫీసు ఏడింటికి కదా. ఆరుంబావుకి వెళ్ళి ఏం చేస్తావు?"

"కెఫెటేరియా ఓపెన్ చేస్తారు. మేనేజర్‌కి మెయిల్ రాయాలి, ఫీనిక్స్ వద్దని" అంటూ కోటు వెతుక్కోవడానికి లోపలికి వెళ్ళాడు.

ఉష టిఫిన్ డబ్బా మూత నొక్కుతూ, నాకు మాత్రమే వినబడేలా అంది, "నేననలేదు వదినా. ఆయనే అడిగారు."

వాళ్ళని పంపడానికి వాకిట్లోకి వచ్చాను. కటిక చీకటి, తెల్లారడానికి గంటకి పైనే ఉంది. ఉష ముందే వెళ్ళి కార్లో కూర్చుని లైట్లు వేసింది. మురళి అలవాటు కొద్దీ స్టీరింగ్ ఉండే ఎడమవైపు తలుపు దాకా వెళ్ళి ఆగిపోయాడు. తర్వాత ఒక చెయ్యి బానెట్ మీద ఆనించి, దాన్ని తడుముకుంటూ, అడుగులో అడుగు వేసుకుంటూ కారు ముందునించి అవతలివైపుకి నడిచాడు. చాలాసేపు పట్టింది. ఉష తొందరపెట్టలేదు, సాయానికి దిగనూ లేదు. అవతలి తలుపు మూసుకున్న చప్పుడు విన్నాకే కారు కదిలించింది.